క్వేకు అన్సా పడవ వెళ్ళిన రోజు

ఏటా ఆగస్టు పన్నెండున ఎఫువా తన రేడియో కట్టేసేది. కట్టేసి ఏం లాభం? చేపలు పొగబెట్టే మట్టిపొయ్యిల వరస పొడుగునా అందరి రేడియోలూ మోగుతూనే ఉండేవి. రోజూ పొద్దున ఏడింటికి మాన్సా అనే పిల్ల "ఇదే రోజున" అంటూ చదివేది. ఏ ఏడు ఏం జరిగింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు. దేశం సంగతులు రెండుంటే ఊరి సంగతులు పది. బడికి రేకులు వేసిందీ, లారీ మలుపులో బోల్తా కొట్టి ఉల్లిపాయలు వారం రోజులు ఊరంతా తిన్నదీ, అన్నీను. పన్నెండో తేదీన మాత్రం ఆఖర్న ఈ మాట వచ్చేది: "యాభై ఎనిమిదిలో, మంగళవారం నాడు, కట్టు తప్పి సముద్రం మీదికి వెళ్ళిన క్వేకు అన్సా, అతని తమ్ముళ్ళిద్దరూ పడవతో సహా మునిగిపోయారు."

ఆ క్వేకు అన్సా ఎఫువా తండ్రి. పడవ పోయేనాటికి ఆమెకి నాలుగేళ్ళు.

మంగళవారం సముద్రానిది. ఆ రోజు ఎంత గొప్ప జాలరైనా వల బాగుచేసుకుంటూ ఒడ్డున కూర్చోవలసిందే. కాదని పడవ దించినవాణ్ణి సముద్రం తీసుకుంటే, వాడి పేరు ఇక ఎవరూ తలవరు. సెప్టెంబరు పండగలో పెద్ద జాలరి నీళ్ళలోకి జిన్ను సారా ఒంపుతూ, సముద్రం తీసుకున్నవాళ్ళని పేరుపేరునా పిలుస్తాడు. అరవై ఏళ్ళుగా ఎఫువా ఆ గుంపులో నిలబడి వింటోంది. తండ్రి పేరు ఒక్కసారీ రాలేదు. "సోమవారమే వెళ్ళాడే," అని తల్లి చచ్చేదాకా చెప్పింది. పెళ్ళాం అంతకంటే ఏం చెబుతుంది అని ఊరు నవ్వింది. తల్లి పోయింది, అన్న పోయాడు. ఇక అడగడానికి మిగిలింది తనొక్కతే, మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి.

ఈ ఏడు రేడియో వినబడ్డాక ఎఫువా నాలుగు పొగచేపలు ఆకులో చుట్టుకుని పెద్ద జాలరి క్వామెనా ఇంటికి వెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, తీరమంతా ఆయన మాటే.

"వచ్చావా? చేపలు పెట్టి వెళ్ళు, మాట మాత్రం ఎత్తకు," అన్నాడు క్వామెనా.

"ఎత్తను పెద్దయ్యా. ఒక్కటి చెప్పు. మంగళవారం మా నాన్న పడవ దించడం నువ్వు కళ్ళారా చూశావా?"

"మీ గుడిసె ఊళ్ళో ఉంటే కదా చూడ్డానికి! ఉప్పుకయ్య సముద్రంలో కలిసేచోట మీదొకటి, యావ్ ఎదుఫుల్‌దొకటి, అంతే. మంగళవారం సాయంత్రం పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి. అది చూశాం. చాలదూ?"

"యావ్ ఎవరు?"

క్వామెనా పకపకా నవ్వాడు. ఈ కథంటే ఆయనకి మహా ఇష్టం. "మీ నాన్న పడవలో నాలుగో మనిషి వాడే! ఆవేళ తెల్లవారుజామున తెడ్డు చేతబట్టుకుని బయల్దేరాడు. పెళ్ళాం నొప్పులని కేక పెట్టింది. సముద్రానికి భయపడనివాడు పెళ్ళానికి భయపడి ఆగిపోయాడు. పడవ వెళ్ళిపోయింది, ఆనక పిల్ల పుట్టింది. వారం పదిరోజులకి పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని సరిహద్దు దాటి అబిజాన్ వెళ్ళిపోతూ లారీల దగ్గర నాకే చెప్పాడు. పిల్ల నన్ను బతికించిందని గుడ్ల నీళ్ళు కుక్కుకున్నాడు పిచ్చివెధవ."

ఎఫువా అప్పటికే లేచి నిలబడింది. అరవై ఏళ్ళుగా ఈయన ఈ కథ చెప్పి నవ్వుతున్నాడు. ఊరు విని నవ్వుతోంది. ఆ పిల్ల ఏ రోజు పుట్టిందని ఒక్కరికీ తోచలేదు!

"ఆ పిల్ల పేరేంటి పెద్దయ్యా?"

"నాకేం తెలుసు? బారసాల ఇక్కడ చేస్తే కదా. పెళ్ళాం పుట్టింట్లో చేసుకున్నారు."

ఆమె తిన్నగా రేడియో గదికి నడిచింది. మాన్సా ఆమెని చూడగానే కుర్చీ వెనక్కి జరిపింది. "అత్తా, తిట్టకు. ఆ వాక్యం నేను రాయలేదు. చర్చి పుస్తకంలో ఎలా ఉంటే అలా చదువుతున్నా."

"తిట్టడానికి రాలేదే. ఏటా పోయినవాళ్ళని చదువుతున్నావు. ఈసారి పుట్టినదాన్ని వెతుకు. యావ్ ఎదుఫుల్‌కి, అతను పడవ ఎక్కకుండా ఆగిపోయిన రోజున పుట్టిన ఆడపిల్ల ఎక్కడుందో చెప్పమని అడుగు."

"పేరు లేకుండానా?"

"పేరు కోసమేగా వెతకమంటున్నది!"

మాన్సా మూడు రోజులు రేడియోలో అడిగింది. లారీ డ్రైవర్లు ఆ మాట మోసుకుపోయారు. ఎఫువా పొయ్యి దగ్గర కూర్చుని, దారిన పోయే అరవై ఏళ్ళ ఆడవాళ్ళందరి మొహాలూ వెతికింది. పదో రోజున తకోరాడి బజారు నుంచి ఒక బొద్దుమనిషి దిగింది. చేతిలో దొకొను అనే మొక్కజొన్న ముద్దల మూట, నోట్లో నవ్వు. యావ్ కూతురు. అబిజాన్ నుంచి ఎప్పుడో తిరిగొచ్చిందట, బజార్లో అందరూ మమ్మీ గ్రేస్ అంటారట.

"మా నాన్న పోయేముందు కూడా ఆ రోజు సంగతే చెప్పాడక్కా. పడవ కదులుతుంటే క్వేకు అన్సా వెనక్కి తిరిగి అరిచాడట: వెళ్ళరా పిరికోడా, నీ వాటా చేపలు నీ పెళ్ళానికి పంపిస్తాలే! అని."

ఎఫువా పొయ్యి మీది చేపలు తిప్పడం మరిచిపోయింది. తండ్రి గొంతు ఆమెకి గుర్తులేదు. గుర్తుంటే బహుశా ఇలాగే ఉండేదేమో.

"అక్కా, ఏమైంది?"

"ఏం లేదు. పద, ఆ ముసలాడి దగ్గరికి."

క్వామెనా చాప మీద కూర్చుని ఉన్నాడు. మాన్సా, నలుగురు జాలరులు చుట్టూ చేరారు. మమ్మీ గ్రేస్ జాకెట్లోంచి పుట్టిన కాగితం తీసింది. పదకొండో తేదీ అని ఉంది.

"కాగితం నాకొద్దు," అన్నాడు క్వామెనా. "ఎవడో గుమాస్తా రాసుంటాడు. గ్రేస్ అన్నది కూడా పాదిరీ పెట్టిన పేరే. ఎనిమిదో రోజున నాలిక మీద నీళ్ళ చుక్క వేసి నిన్ను ఏమని పిలిచారు?"

"అజోవా."

ఆ తీరాన ఏ పిల్లకైనా పుట్టిన వారాన్ని బట్టే పేరు. మంగళవారం పుట్టిన ఆడపిల్ల అరబా అవుతుంది. అజోవా అంటే సోమవారం పిల్ల, తిరుగులేదు. ఎఫువా శుక్రవారం పిల్ల అయినట్టే.

"ఎవరన్నా మార్చి చెప్పొచ్చు," అన్నాడు ఒక జాలరి.

"ఎందుకు మారుస్తారయ్యా?" అంది ఎఫువా. "ఈ తగువు పుట్టకముందే ఆ పేరు పుట్టింది. పడవ వెళ్ళాకనే పిల్ల పుట్టిందని పెద్దయ్యే చెప్పాడు, నేను కాదు. పిల్ల సోమవారం పుడితే, పడవ మంగళవారం ఎలా వెళుతుంది?"

క్వామెనా తన అరచేతులు చూసుకున్నాడు. "నా నోటితోనే చెప్పానే," అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పానో! నవ్వుకోడానికే చెప్పాను గానీ వినలేదు."

పండగనాడు ఎఫువా గుంపు వెనక నిలబడబోతే అజోవా మోచెయ్యి పట్టుకుని నీళ్ళ దాకా లాక్కుపోయింది. క్వామెనా జిన్ను ఒంపుతూ పేర్లు మొదలుపెట్టాడు. పన్నెండు పేర్లయ్యాక ఆగి, గొంతు సవరించుకుని, "క్వేకు అన్సా, వచ్చి తాగు. ఇన్నేళ్ళూ పిలవనందుకు నన్ను తిట్టుకుంటూ తాగు," అన్నాడు. తర్వాత తమ్ముళ్ళిద్దరినీ పిలిచాడు.

ఎఫువా ఏడుస్తుందనుకున్నారంతా. ఆమె అజోవా వైపు తిరిగింది.

"మా నాన్న ఏమన్నాడన్నావే? ఇంకోసారి చెప్పు. పడవ కదిలిన దగ్గర్నుంచి చెప్పు."