బాకు గుర్తుకు ఒక్క దెబ్బ

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో ప్రూఫులు ఇద్దరు కూర్చుని దిద్దాలి. ఒకరు కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివితే, ఎదుటివారు తమ కాగితంలో సరిచూసుకుంటారు. చదివేది మా ఆయన, దిద్దేది నేను. వాడుకలోంచి పోయిన అర్థాల ముందు చిన్న బాకు గుర్తు (†) వేస్తాం. అది వస్తే మా ఆయన నోటితో చెప్పేవారు కాదు. పెన్సిలుతో బల్ల మీద టక్కున ఒక్క దెబ్బ కొట్టేవారు. పోయినవాటిని పేరు పెట్టి పిలవకూడదట. ఎన్ని వేషాలో ఆ మనిషికి!

వేసవిలో గుండె ఆగి పోయారు. అప్పటికి మేం 'విత్' అనే ఇంగ్లీషు మాటకు అర్థాలు రాసి ప్రెస్సుకు పంపాం. మనం 'తో' అని ఒక్క అక్షరంతో తేల్చేస్తాం గానీ, దాని ఘనకార్యాలు ఇన్నీ అన్నీ కావు. వెయ్యేళ్ల కిందట దానికి ముఖ్యమైన అర్థం 'ఎదురుగా, విరుద్ధంగా'. కలిసి ఉండటానికి 'మిడ్' అని వేరే మాట ఉండేది. అది మెల్లగా కాలం చేస్తే, విత్ వెళ్లి దాని కుర్చీలో కూర్చుంది. పాత పగ మాత్రం పూర్తిగా పోలేదు. ఎవరి మీద యుద్ధం చేసినా ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ విత్ అంటారు.

"మనమూ అంతేగా. మొగుడితో పోట్లాట అనమూ?" అన్నాను అది రాస్తున్న రోజు.

"ఆ పని నీకు కొట్టిన పిండేగా, నువ్వే రాయి" అన్నారాయన.

వానలు పడుతుండగా విత్ ప్రూఫులు వచ్చాయి. నాకు జతగా ఇంకా ఎవరినీ వెయ్యలేదు. ఒక్కదాన్నే కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. 'ఎదురుగా' అనే పాత అర్థం ముందు బాకు గుర్తు వచ్చింది. నేను దాటబోయేలోగా బల్ల అవతలి నుంచి టక్కుమని వినబడింది.

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన పెన్సిలు గ్లాసులో పెట్టింది పెట్టినట్టే ఉంది. తరవాతి గుర్తు దాకా చదివాను. మళ్లీ దెబ్బ. లేచి తలుపు దాకా పరిగెత్తి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగొచ్చి కూర్చున్నాను. భయం వేసింది, నిజమే. దానికి పదింతలు సంతోషం వేసింది.

అప్పటినుంచి ఆ కాగితాలను నేను వదల్లేదు. అవి అచ్చుకు వెళ్లిపోతే ఆయనా వెళ్లిపోతారని నా గుబులు. కామా సన్నగా ఉందనీ అక్షరం ఒరిగిందనీ లేని తప్పులు పట్టి ప్రెస్సువాళ్ల ప్రాణాలు తోడేశాను. తిరిగొచ్చిన ప్రతిసారీ గుర్తు దగ్గర దెబ్బ వినబడేది.

చివరికి మా బావగారు వచ్చారు. మా ఆయనకు అన్నగారు, నిఘంటువుకు ప్రధాన సంపాదకుడు. చేతిలో పుస్తకం మొదట్లో వేసే పేర్ల పేజీ ఉంది. పనిచేసినవాళ్లలో పోయినవారి పేరు ముందు కూడా అదే బాకు వేస్తాం.

"తమ్ముడి పేరు ముందు గుర్తు లేదేమ్మా?"

"నేను పెట్టను బావగారూ."

"మిగతావాళ్లందరికీ పెట్టావుగా."

"వాళ్లందరూ నా మొగుళ్లా?" అనేశాను. తరవాత ఏడుపొచ్చింది. "ఆయన ఈ గదిలోనే ఉన్నారు. ఉన్న మనిషికి ఎలా పెట్టను?"

బావగారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. "సరే, ముందు చదువుదాం" అంటూ ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. అది మా ఆయన కుర్చీ గానీ, పెద్దాయన్ని లెమ్మని ఎలా అంటాను?

పేర్ల పేజీ ఇంకో ప్రతి నాకిచ్చి, తనది రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చదివారు. మా దెబ్బల సంగతి ఆయనకు తెలీదు. గుర్తు వచ్చినప్పుడల్లా 'బాకు' అని పైకే అంటున్నారు. బల్ల మాత్రం పలకలేదు. కుర్చీ పోయిందని మా ఆయన వెళ్లిపోయారేమో అని నా ప్రాణం కొట్టుకుంది.

మా ఆయన పేరు చదివారు. ఆ పేరు ముందు బావగారి కాగితంలోనూ నా కాగితంలోనూ ఏ గుర్తూ లేదు.

టక్.

బావగారు ఆగిపోయారు. "నువ్వు కొట్టావా?"

"లేదు. మళ్లీ చదవండి."

మళ్లీ చదివారు. ఈసారి దెబ్బ గట్టిగా పడింది. కళ్ల ముందున్న తప్పును నేను చూడకుండా దాటేస్తే, మా ఆయన అలాగే కొట్టేవారు.

"పెడతాను లెండి, అరవకండి" అన్నాను. బావగారితో కాదు. మొదటిసారి గుర్తు వంకరగా వచ్చింది. చెరిపి మళ్లీ పెట్టాను. బావగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, పేర్ల పేజీ పట్టుకుని వెళ్లిపోయారు.

అచ్చు వెయ్యమని సంతకం పెట్టే ముందు విత్ ప్రూఫును ఆఖరిసారి పైకి చదివాను. 'ఎదురుగా' ముందు గుర్తు వచ్చింది. ఆగాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏవండీ?" అన్నాను.

బల్ల పలకలేదు. గ్లాసులోంచి ఆయన పెన్సిలు తీసి, నేనే ఒక్క దెబ్బ కొట్టి, తరవాతి అర్థం చదివాను.