కంచె వెనక గోడ

నా పని కంచెలు కట్టడం. చేలకి కాదు, బిల్డింగులకి. ఎక్కడైనా పాతది పడగొట్టి కొత్తది లేపుతుంటే, దారిన పోయేవాళ్ల నెత్తిన ఇటుక పడకుండా చుట్టూ ఇనప చట్రాలు నిలబెడతాను. కింద సిమెంటు దిమ్మలు, చట్రానికీ చట్రానికీ మధ్య క్లాంపులు. వీధిలోంచి ఎవడూ విప్పకుండా క్లాంపుల నట్లన్నీ లోపలివైపే బిగించాలి. కట్టాక ఒక్కో చట్రాన్నీ రెండు చేతులా పట్టుకుని ఊపి చూస్తాను. ఊగిందా, మళ్లీ మొదటికి. వాళ్ల పని అయ్యాక విప్పి తీసుకుపోతాను. లోపల ఎవరేం కడుతున్నారో నాకు అనవసరం. మా బావ నేర్పిన మొదటి పాఠం అదే: "కంచె కట్టేవాడు వీధివైపు చూడాలిరా, లోపలికి కాదు."

బావ అంటే అక్క మొగుడు. పనీపాటా లేకుండా తిరుగుతున్న నన్ను ఈ పనిలో పెట్టింది ఆయనే. ఆ కృతజ్ఞతతో ఆయన నంది అంటే నంది, పంది అంటే పంది అనేవాణ్ణి. మా ఇంటికి ఎదురుగా ఉన్న పాత గోదాము పడగొట్టి ఐదంతస్తులు లేపే పనికి ఆయనే సూపర్‌వైజరు.

మా సందు వెడల్పు పదడుగులు. మా వైపు వరసగా ఒంటి అంతస్తు ఇళ్లు, అటువైపు పొడుగునా గోదాము గోడ. నాన్నకి షుగరు ముదిరి ఒక కాలు మోకాలి దాకా తీసేశారు. కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రి బండి వచ్చి తీసుకెళ్తే, రక్తం శుభ్రం చేసి మళ్లీ దింపి వెళ్తారు. ఆ పదడుగుల్లో బండి ఇరుకిరుగ్గా మా గుమ్మం దాకా వచ్చేది.

"గోదాము కూలేటప్పుడు ఇటుకలు సందులోకి దొర్లుతాయి. కంచె నాలుగడుగులు ముందుకి జరిపి కట్టు" అన్నాడు బావ. న్యాయమైన మాటే. "చట్రాలకి జాలీ వద్దు, రేకులు కొట్టు. దుమ్ము పడితే మామయ్య దగ్గలేక చస్తాడు" అని కూడా అన్నాడు. అల్లుడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్లు చెమర్చాయి కూడా.

సందులోవాళ్లని ఒప్పించే పని నా మీదే పెట్టాడు. ఇల్లిల్లూ తిరిగాను. అందరూ సరేనన్నారు గానీ, నాలుగిళ్ల అవతల ఉండే టైలరు పిన్ని మాత్రం మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఒకసారి ఇచ్చిన జాగా మళ్లీ వస్తుందట్రా?"

"నా చేత్తో కట్టిన కంచె నా చేత్తోనే విప్పుతాను పిన్నీ. నాలుగు నెలలు ఓపిక పట్టు. బండి రాకపోతే అందరికంటే ఇబ్బంది పడేది మా నాన్నే కదా? నమ్మకం లేకపోతే నేను ఒప్పుకుంటానా?"

నాన్న మాట ఎత్తేసరికి ఆవిడ మెత్తబడింది.

నాలుగు నెలలూ నాన్నని వీపున వేసుకుని సందు మొదట్లో ఆగిన బండి దాకా మోశాను. మిగిలిన దారిలో కాలవ మీద పలకలు ఎగుడుదిగుడు, చక్రాల కుర్చీ కదలదు. రేకుల వెనక పొద్దంతా మిషన్ల రొద. పునాదులు పోస్తున్నారనుకున్నాను. నగరంలో ఉన్న కంచెలన్నీ ఊపి చూసుకొచ్చేవాణ్ణి, నా ఇంటి ముందు కంచె వెనక ఏముందో తొంగి చూడలేదు. అంత తెలివి నాది.

విప్పే రోజు రానే వచ్చింది. పొద్దున్నే అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నట్లు లోపల కదా, పెద్ద రోడ్డు వైపు గేటులోంచి వెళ్లి, చుట్టూ తిరిగి మా సందు వైపుకి వచ్చాను. చేతిలో స్పానరు ఉంది. కంచె లేదు. నా కంచె వెనక భాగం కనపడాల్సిన చోట గోడ ఉంది, ప్లాస్టరింగుతో సహా. బయటికి తెలియకుండా రేకులకంటే జానెడు తక్కువ ఎత్తులో ఆపారు. రేకులకి ఆనించి కట్టారు, మధ్యలో వేలు కూడా దూరదు. నేను బిగించిన నట్లు ఆ గోడలో కూరుకుపోయాయి.

చేసేది లేక సందులోకి వచ్చి క్లాంపుల్ని కట్టరుతో కోశాను. ఒక్కో రేకూ దించుతుంటే వెనక గోడ బయటపడుతూ వచ్చింది. పదడుగుల సందు ఆరడుగులైపోయింది. చివరికి పిన్ని నా మొహంలోకి చూసి, "కంచే చేను మేసిందన్నమాట" అంది.

నాకు తెలీదని ఒట్టేశాను. ఎవరు నమ్ముతారు? వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

బావని కడుతున్న బిల్డింగు మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"అరవకు" అన్నాడు. "నాలుగడుగులేగా. అవి కలిస్తేనే కింద పార్కింగులో కార్లు పడతాయి. పైవాళ్లు గీసిచ్చారు, నేను కట్టించాను."

"నాతోనే ఎందుకు కట్టించావు బావా? నగరంలో కంచెలు కట్టేవాళ్లు లేరా?"

"వేరేవాడైతే సందులోవాళ్లు కట్టనిస్తారా?"

తడుముకోకుండా చెప్పాడు. ఆయనకి కావలసింది నా పనితనం కాదు, నా మొహం. నమ్మించి గొంతు కోయడం అంటారే, అందులో నమ్మించే పని నా చేత చేయించి, కోసే పని తను చేశాడు.

ఫిర్యాదు రాసింది నేనే. పది రోజులకి సర్వేయరు టేపు పట్టుకుని వచ్చాడు. పాత పటంలో సందు ఉంది, దాని వెడల్పు లేదు. గోదాము పునాది రాళ్లు ఎప్పుడో లారీలకెత్తేశారు. అందరూ ఒకేసారి మాట్లాడబోతే విసుక్కున్నాడు. నేను ముందుకొచ్చి, "కంచెకి గీత గీసింది నేనే సార్. పాత గోడ నుంచి నాలుగడుగులు కొలిచి మరీ గీశాను" అన్నాను. చాలా రోజుల తర్వాత సందులోవాళ్లు నన్ను మనిషిలా చూశారు.

బావ నవ్వాడు. "వాడికి నా మీద కోపం సార్. వీళ్లకి జాగా మీద ఆశ. మా మామయ్యని అడగండి. యాభై ఏళ్లుగా ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఈ గోడతో ఆయనకంటే నష్టపోయేవాళ్లు ఎవరున్నారు?"

తన గొయ్యి తనే తవ్వుకున్నాడని నాకు సంబరమేసింది. నాన్న గుమ్మంలో కుర్చీలో ఉన్నాడు. కుర్చీ వెనక అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, నా వైపు చూడలేదు.

"చెప్పండి పెద్దాయనా, హద్దు ఎక్కడ ఉండేది?"

నాన్న గోడ వైపు చెయ్యి చూపించాడు. "అక్కడే సార్, మొదట్నుంచీ. మావాడు పొరబడ్డాడు."

"మన గుమ్మం దాకా బండి వచ్చేది కదా నాన్నా!" అని అరిచాను.

"ఎప్పుడొచ్చిందిరా? నువ్వేగా మోసేవాడివి."

సర్వేయరు రాసుకున్నాడు. పిన్ని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ వెంటే మిగతా తలుపులూ పడ్డాయి.

అందరూ వెళ్లాక నాన్న ముందు కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. "ఇదంతా నీ కోసం కాదా నాన్నా?"

"కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందిరా" అన్నాడు. "గోడ కొట్టేయిస్తే మీ బావ మీద కేసు పెడతారట. నిన్న అక్క వచ్చి నా కాలు పట్టుకుని ఏడ్చింది. దాని కాపురం నిలబడాలి కదా."

"మరి నేను?"

"నీకేంరా. అరుస్తావు, ఊరుకుంటావు. నన్నయితే వదిలి పోవు."

బావ నా మొహాన్ని వాడుకున్నాడు. నాన్న నా వీపుని లెక్కలో వేసుకున్నాడు. రెండోదే నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

మర్నాడు ఆస్పత్రి రోజు. సందు మొదట్లో బండి హారను కొట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను. ఈ ఒక్క రోజూ అల్లుణ్ణి పిలిపించుకోమందామని నోటి దాకా వచ్చింది. హారను మళ్లీ మోగింది. లేచి ఆయన ముందు వీపు పెట్టి వంగాను.

నాలుగు నెలలూ పిన్ని గడప దగ్గర నాన్నని ఒక్క నిమిషం దించి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆవిడ ఓ స్టూలు తెచ్చి వేసేది. ఇవాళ లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది గానీ తలుపు మూసే ఉంది. నేను ఆగలేదు.

"ఇక్కడ దించవేంరా? ఆయాసపడుతున్నావు" అన్నాడు నాన్న.

"ఇక్కడ మనల్ని ఎవరూ దించనివ్వరు నాన్నా" అన్నాను.

లోపల మిషను ఆగింది. తలుపు తెరుచుకోలేదు. నాన్న చేతులు నా మెడ చుట్టూ ఇంకాస్త బిగిశాయి.