కౌశల్య పిన్ని తలుపు

వంతెన పేలిన మర్నాడే ఫిజీ దీవుల్లోని వునిమోలి చెరుకు తోట కూలి లైన్లలో గదులన్నిటికీ గడియలు ఊడబెరికించారు. కూలీల మీద పెత్తనం చేసే సర్దార్ రాందాస్ గోనెసంచి పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగాడు.

"తోస్తే తెరుచుకోవాలి తలుపు. మీ మంచికే," అన్నాడు.

ఎవరూ కాదనలేదు. చెరుకు బళ్ళు లాగే చిన్న రైలు వంతెనతో సహా వాగులో పడి ఆ లైన్లోనే ఉండే కుంతి మొగుడి కాలు నుజ్జయింది. రాళ్ళు పేల్చే మందు దొంగిలించి ఆ పని చేసినవాడు మున్సామి అని తేలింది. పొలం పని చూసే తెల్లవాడు కులంబర్ దొర చేతిలో కొరడా దెబ్బలు తిన్నాక అతను పారిపోయాడు. దొర మీద కోపం దొర మీదే చూపించుకోవచ్చుగా, మా కాళ్ళెందుకు విరగ్గొట్టడం అని ఆడవాళ్ళు తిట్టుకున్నారు. మళ్ళీ ఎక్కడ పేలుతుందోనని పిల్లల్ని గడప దాటనివ్వలేదు. అందుకే పాసు లేకుండా లైను దాటొద్దంటే సరే అన్నారు, గదులు వెతుకుతామంటే సరే అన్నారు, గడియలు అడిగితే అవీ ఇచ్చేశారు.

నాగమ్మ అయితే తమ గది గడియ తనే ఊడదీసి సంచిలో వేసింది. ఆ పిల్లకి పన్నెండు నిండి పదమూడు. తల్లి ఇక్కడికి వచ్చే ఓడలోనే పోయింది. ఆ శవాన్ని సముద్రంలోకి దించుతుంటే తండ్రి అప్పన్నని పడిపోకుండా పట్టుకున్నవాడు మున్సామే. ఒక ఓడలో వచ్చినవాళ్ళు జహాజీలు. తోడబుట్టినవాళ్ళ కంటే ఎక్కువ. అందుకే రాందాస్ పొద్దున లేస్తే అప్పన్న గుమ్మంలోనే ఉండేవాడు.

"ఏరా అప్పన్నా, నీ జహాజీ భాయి ఎక్కడ?"

"నాకు తెలిస్తే కదా బాబూ."

తల్లి లేని నాగమ్మకి తల దువ్వింది, దెబ్బ తగిలితే పసుపు అద్దింది పక్కగది కౌశల్య పిన్ని. ఆవిడ విధవరాలు. కూతురు కాంతితో పాటే నాగమ్మకీ జడ వేసేది. రెండు గదుల మధ్య ఉన్న చెక్కగోడ పైకప్పు దాకా పోదు. ఇటు తుమ్మితే అటువాళ్ళు చిరంజీవ అనాల్సిందే.

ఆ వారం పిన్ని తీరు మారింది. కాంతిని పాసుల గొడవ రాకముందే పెద్దమ్మ ఉండే లైనుకి పంపేశానంది. అయినా ఇద్దరికి సరిపడా వండుతోంది. ఒక కంచాన్ని విడిగా తోమి, విడిగా ఒక మూల బోర్లిస్తోంది. లోపలి నుంచి తలుపుకి పెట్టె అడ్డం జరుపుతోంది. నాగమ్మ వెళ్తే గుమ్మంలోనే నిలబడి, "తలనొప్పిగుందే, రేపు రా," అంటోంది. ఒక మధ్యాహ్నం చెక్కగోడ పైనుంచి గుసగుస వినబడింది.

"కదలకు. మగోళ్ళ కంట పడ్డావంటే మన బతుకు అయిపోద్ది."

నాగమ్మ గోడకి చెవి ఆనించింది. కాంతి లేదు కదా, మరి లోపల ఎవరు? మున్సామా? కుంతి మొగుడి మూలుగు గుర్తొచ్చింది. అయినా పిన్ని చేతి తిండి తిన్న నోరు, ఎవరితోనూ అనలేదు. మనసులోనే అదిమిపెట్టుకుంది.

ఆదివారం పోలీసులు అప్పన్న కోసం వచ్చారు. పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ణి లేపి చేతులు కట్టారు.

"ఏం చేశాడు మా అయ్య?"

"ఏం చెయ్యకపోయినా సరే. మున్సామి దొరికేదాకా లంబాసా ఠాణాలో ఉంటాడు," అన్నాడు రాందాస్. వెనక గుర్రం మీద కులంబర్ దొర ఉన్నాడు.

అప్పన్న పెనుగులాడలేదు. "గుంటా, అన్నం మాడిపోద్ది, సూసుకో," అని మాత్రం అన్నాడు.

ఆ మాటకే నాగమ్మ ఒళ్ళు వశం తప్పింది. ఉన్న ఒక్క మనిషినీ తీసుకుపోతున్నారు.

"మా అయ్య కాదు! పిన్ని... పిన్ని గదిలో ఎవరో ఉన్నారు!"

"ఏ గది?"

నాగమ్మ వేలు చూపించింది.

రాందాస్ భుజంతో తలుపు తోశాడు. లోపల పెట్టె కదిలింది, ఆగింది.

"సర్దారూ, నీ కాళ్ళకి దండం!" లోపలి నుంచి పిన్ని గొంతు. "మగోళ్ళు రావద్దు. ఎవరైనా ఆడకూతుర్ని పంపి సూపించుకో. పార్బతిని పంపు, నాగమ్మని పంపు..."

తన పేరు వినగానే నాగమ్మ నోరు తెరిచింది.

"దాచిపెట్టినవాళ్ళు అలాగే అంటారు," అని రాందాస్ ఇంకో ఇద్దర్ని కలుపుకుని తన్నాడు. తలుపు కీలు ఊడి పక్కకి వాలిపోయింది.

లోపల మూలకి కట్టిన చీర లాగేశారు. కొబ్బరాకుల చాప మీద కాంతి కూర్చుని ఉంది. మొహమంతా పసుపు. ముందు విడి కంచంలో నువ్వుల చిమ్మిలి ముద్ద. అంతమంది మగవాళ్ళని చూసి మోకాళ్ళ మధ్య తల దాచుకుంది.

పోలీసుల్లో ఒకడు, ఫిజీ దేశస్థుడు, చప్పున మొహం తిప్పుకుని బయటికొచ్చేశాడు. రాందాస్ తిప్పుకోలేదు. దొర గుర్రం మీంచి వంగి మరీ చూశాడు.

"ఇంకా పసిపిల్ల అన్నావు కదూ కౌశల్యా?" రాందాస్ నవ్వాడు. "బుధవారం నుంచి కలుపు గుంపులోకి పంపు."

పసిపిల్లగా ఉన్నంతకాలం కాంతికి పొలం పనీ లేదు, దొర చూపూ లేదు. ఆ సంగతి లైన్లలో ప్రతి తల్లికీ తెలుసు.

ఆడవాళ్ళు మూగారు. పార్బతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒలమ్మో, సమర్తాడిన పిల్లని మూల కూకోబెట్టుకుందే! ఏమే నాగమ్మా, ఇడి కంచం సూసైనా తెలవలేదా?"

"దానికెవరు సెప్పారు లేద్దూ, తల్లి లేని గుంట," అంది కుంతి.

తిట్టినా బాగుండేది. ఆ జాలిమాటకి నాగమ్మకి భూమిలోకి పోవాలనిపించింది. పిన్ని మాత్రం ఊడిన తలుపుని ఎత్తి నిలబెట్టాలని చూస్తోంది. అది నిలవడం లేదు.

పిల్ల గది చూపించింది కదా అని దొర సైగ చేస్తే అప్పన్న కట్లు విప్పారు. ఆ పూట అతను కంచం ముట్టలేదు.

"నన్ను తీసుకుపోతే పోనివ్వాల్సింది. నాల్రోజులు కూకోబెట్టి వదిలేసేవోరు. ఆ పిల్లనిప్పుడు ఎవరొదుల్తారే?"

సాయంత్రానికి మున్సామి దొరికాడన్న కబురొచ్చింది. ఎక్కడో సముద్రం పక్క మడచెట్లలో పట్టుకున్నారట. అతను లైన్ల ఛాయలకే రాలేదు. లైన్లన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. గడియల సంచి మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు, ఎవరూ అడగలేదు.

బుధవారం తెల్లారగానే కాంతికి నీళ్ళు పోస్తారని నాగమ్మకి గోడ మీంచే తెలిసింది. తల్లి పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క చీర తీసుకుని వెళ్ళింది. పిన్ని గుమ్మానికి తలుపు లేదు. గోనెపట్టా వేలాడుతోంది, గాలికి లేస్తోంది.

"పిన్నీ..."

"ఏటి?"

"ఈ చీర కాంతికి..."

"దానికొద్దు."

"నాను లోనికి రానా?"

"అడుగుతావేటే? తలుపుందా, గడియుందా? అందరూ వచ్చినట్టే నువ్వూ రా." పిన్ని గొంతులో కోపం కూడా లేదు.

నాగమ్మ లోపలికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, గుమ్మానికి వీపు పెట్టి, చీరని రెండు చేతులా చాచి పట్టుకుని నిలబడింది. కాసేపటికి పార్బతి, కుంతి నీళ్ళబిందెలతో వచ్చి ఆమె చెయ్యి కింది నుంచి దూరి లోపలికి వెళ్ళారు. ఎవరూ పలకరించలేదు.

పనికి పిలుపు అయింది. గుంపులు కత్తులు, పారలు పట్టుకుని కదిలాయి. దారిన పోయే మగవాళ్ళు చూస్తున్నారు. రాందాస్ వచ్చి ఎదురుగా ఆగాడు.

"ఏ లడకీ, ఏంటిది? తప్పుకో. ఆ పిల్ల పేరు ఇవాళ గుంపులో పిలవాలి."

"లోపల నీళ్ళు పోసుకుంటున్నారు." నాగమ్మ గొంతు ఆమెకే వినబడలేదు. మళ్ళీ అంది.

"నాకే అడ్డం నిలబడతావా? మొన్న వేలు చూపించింది నువ్వే కదే!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. నాగమ్మ మొహం మంటెత్తిపోయింది. తల వంచుకుంది గానీ చేతులు దించలేదు. చీర అంచుని మొహం మీదికి, ఇంకాస్త పైకి ఎత్తింది. రాందాస్ ఉమ్మేసి, "అయ్యాక ఇద్దరూ రండి, చెప్తా," అని వెళ్ళిపోయాడు.

వెనక నీళ్ళ చప్పుడు. పసుపు కలిసిన నీళ్ళు గడప దాటి వచ్చి నాగమ్మ పాదాలు తడిపాయి.

"అమ్మా, గుమ్మంలో ఎవరే?" లోపల కాంతి భయంగా అడిగింది.

పిన్ని చెంబు నీళ్ళలో ముంచింది.

"ఎవరూ లేరు," అంది. "తలుపు. తల వంచు, నీళ్ళు పోస్తాను."

నాగమ్మ చేతులు పీకుతున్నాయి. అలాగే నిలబడింది.