అనకూడని మాట

ఏప్రిల్ మొదట్లో మా పోర్ట్ హాల్డెన్ మైదానంలో కూర్చోవాలంటే మనిషికి బేస్‌బాల్ పిచ్చయినా ఉండాలి, ఇంట్లో హీటరైనా చెడిపోయి ఉండాలి. సరస్సు మీంచి వచ్చే గాలి ఎముకలు కొరికేస్తుంది. అందరం దుప్పట్లు కప్పుకుని ముడుచుకు కూర్చున్నాం. మెర్వ్ ఒక్కడే పలచటి చొక్కాలో, కాఫీ కప్పు రెండు చేతుల్లో పట్టుకుని వణుకుతున్నాడు.

“నీ ఆకుపచ్చ జాకెట్టేమైంది మహానుభావా? పెళ్లిక్కూడా అదే వేసుకున్నావుగా?” అన్నాను.

“పోయింది.”

“ఎక్కడ పోయింది?”

“పోయిందన్నాగా ఐరీన్. నా ప్రాణం తియ్యకు.”

మా ఇద్దరి మధ్య సీటు ఖాళీగా ఉంది. అది క్లెమ్‌ది. మేం ముగ్గురం జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఈ వరసలోనే కూర్చుని, ఇదే జట్టును తిడుతూ వచ్చాం. పోయిన సెప్టెంబర్లో క్లెమ్ ఆ సీట్లోనే పోయాడు. నేను దాని మీద వేరుశనక్కాయల సంచి పెట్టబోతే మెర్వ్ నా చెయ్యి తోసేశాడు.

క్లెమ్ ఎలా పోయాడో ఊరందరికీ తెలుసు. ఆ రోజు ఎడమచేత్తో బంతి వేసే మా పిచ్చర్ బెనవిదెస్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. నో-హిట్టర్ అంటారు దాన్ని. నా జన్మలో మా మైదానంలో అలాంటిది జరగడం అదే మొదలు, ఆ రోజే నేను మా చెల్లెలి మోకాలి ఆపరేషన్‌కని వెళ్లి ఆస్పత్రిలో కూర్చున్నాను. చివరి బ్యాటర్ అవుటవగానే క్లెమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టి, నవ్వుతూ కూర్చుని, అలాగే కన్నుమూశాడని మెర్వ్ చెప్పాడు. ఇంత చల్లని చావు ఎవరికొస్తుందని చర్చిలో ఫాదర్ కూడా అన్నాడు. నేనైతే కుళ్లుకున్నాను. “నేను రాని రోజే చూసుకుని రెండు పనులూ కానిచ్చేశాడు వెధవ” అన్నాను. ఎప్పుడూ నా మాటలకి నవ్వే మెర్వ్ ఆ రోజు నవ్వలేదు.

చలికాలమంతా అతను అదోలా ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఒకసారి బేకరీ వరసలో వెనకున్నావిడ టైమెంతని అడగడానికి అతని చొక్కా చెయ్యి పట్టి లాగితే, దెయ్యం పట్టుకున్నట్టు అరిచి చేతిలో రొట్టెలన్నీ జారవిడిచాడు. స్నేహితుడు పోయిన దిగులని సరిపెట్టుకున్నాను.

జాతీయగీతం అయిపోయి అందరం కూర్చుంటుండగా క్లెమ్ కూతురు డెల్లా వచ్చింది. తండ్రి టోపీ, మోకాళ్ల దాకా వచ్చే ఆకుపచ్చ జాకెట్టు. నవ్వుతూ మధ్య సీట్లో కూర్చుంది. మెర్వ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నాన్న సీజన్ పాసు నేనే తీసుకున్నానాంటీ. వచ్చే ఏడాది దాకా నేనే మీ పక్కన.”

“జాకెట్టు కూడా వాడిదేనా?” అన్నాను.

“నాన్న వస్తువులతో పాటు ఆస్పత్రివాళ్లు ఇచ్చారు. వేసుకుంటే నాన్న పక్కనున్నట్టే ఉంటుంది.” మెర్వ్ వైపు తిరిగింది. “అంకుల్, ఒక్క మాట అడగాలి. చలికాలమంతా ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. డాక్టర్ ఏమో ఆట అయ్యేసరికే నాన్న పోయి చాలాసేపై ఉంటుందన్నాడు. మీరేమో ఆట అయ్యాక చప్పట్లు కొట్టాడన్నారు. ఆ చివరి గంటలో ఏం జరిగిందో మీ నోట వినాలి. బాధపడ్డాడా? నన్నేమైనా తలిచాడా?”

“చెప్పాను కదమ్మా, చప్పట్లు కొట్టాడు,” అని మెర్వ్ కాఫీలోకి చూశాడు. “ఆట చూద్దాం.”

ఆట మొదలైంది. బంతి మళ్లీ బెనవిదెస్ చేతిలోనే ఉంది. కొంచెంసేపటికి మా నోళ్లు తెరుచుకున్నాయి, గాలి బరువు తగ్గింది.

“కొత్త షార్ట్‌స్టాప్ కుర్రాణ్ణి చూశావా? పదిసార్లలో నాలుగుసార్లు కొడుతున్నాడు,” అన్నాను.

“ఏప్రిల్లో అందరూ వీరులే. జూన్ రానీ, వీడు నేలచూపులు చూస్తాడు,” అన్నాడు మెర్వ్.

“పోయినేడు బెనవిదెస్ గురించి కూడా ఇలాగే కూశావు.”

“వాడింకా మన దగ్గరే ఉన్నాడంటే పై లీగువాళ్లకి కళ్లు లేవు గనక.”

“పిచ్చర్ ఇన్ని సెకన్లలో బంతి వెయ్యాలని ఆ గడియారం పెట్టినప్పట్నుంచి నాన్న దాన్ని తిట్టని రోజు లేదు,” అని డెల్లా నవ్వింది. “టైము చూసుకుని వెయ్యడానికి ఇదేమన్నా బస్సా అనేవాడు.”

బస్సు నడిపి రిటైరైనదాన్ని నేను. ఆ మాట అచ్చం క్లెమ్‌లా అనేసరికి నాకు కళ్లు చెమర్చాయి. కోపంగా వేరుశనక్కాయ ఒకటి పగలగొట్టాను.

అయిదో ఇన్నింగ్స్ దాటేసరికి మైదానంలో మాటలు తగ్గాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బోర్డు మీద ప్రత్యర్థుల హిట్ల గడిలో సున్నా ఉంది, దాన్ని అందరూ చూశారు. అలాంటప్పుడు ఆ మాట పైకి అనకూడదు. అంటే దిష్టి తగులుతుంది, మరుక్షణమే ఎవడో ఒకడు కొడతాడు. జట్టువాళ్లు పిచ్చర్ పక్కన కూర్చోరు. మేమైతే సీటు మారం, కాలు మీద కాలుంటే దించం, పక్కవాడి మొహం కూడా చూడం. మా నాన్న నాకు నేర్పింది ఇదే, క్లెమ్ డెల్లాకు నేర్పిందీ ఇదే.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరం లేచి, ఎప్పుడూ పాడే పాట గొంతు తగ్గించి పాడి, ఎలా లేచామో అలాగే కూర్చున్నాం. డెల్లా టోపీ కళ్ల మీదికి లాక్కుంది. జాకెట్టు గడ్డం దాకా కప్పుకుని కదలకుండా ఉండిపోయింది. ఇలాంటప్పుడు క్లెమ్ అచ్చం అలాగే కూర్చునేవాడు.

మెర్వ్ ఆటను చూడటం లేదు. డెల్లా కేసి చూస్తున్నాడు. పెదవులు కదుపుతున్నాడు. కొంప ముంచేలా ఉన్నాడని, వేలు పెదవుల మీద పెట్టుకుని “ష్” అన్నాను.

ఆ చప్పుడుకి మెర్వ్ కొరడా దెబ్బ తిన్నట్టు లేచాడు.

“డెల్లా! మాట్లాడు తల్లీ! ఏదో ఒకటి మాట్లాడు!”

వరసలన్నీ ఇటు తిరిగాయి. “కూర్చో ముసలోడా!” అని ఎవరో అరిచారు. మెర్వ్ ఇంకా గట్టిగా అరిచాడు.

“నో-హిట్టర్! విన్నారా? బెనవిదెస్ నో-హిట్టర్ వేస్తున్నాడు! నో-హిట్టర్!”

ఆ వెంటనే వేసిన బంతిని బ్యాటర్ కుడివైపు ఖాళీలోకి కొట్టాడు. బోర్డు మీద సున్నా పోయి ఒకటి వచ్చింది. ఆవాలపచ్చడి పూసిన బన్ను ముక్క ఒకటి వచ్చి మెర్వ్ భుజానికి తగిలింది. ఇక తిట్లయితే చెప్పక్కర్లేదు, నా నోటికి కూడా వచ్చాయి. కానీ మెర్వ్ వాటిలో ఒక్కటీ వినలేదు. డెల్లా టోపీ పైకెత్తి కళ్లు తెరిచేదాకా చూసి, కూలబడ్డాడు.

“బతికే ఉన్నావు,” అన్నాడు.

డెల్లా అతని వైపు తిరిగింది. “అంకుల్. నాన్నతో ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు కదూ?”

మెర్వ్ తల అడ్డంగా ఊపాడు. “ఏడో ఇన్నింగ్స్‌లో నా చెయ్యి పట్టి లాగాడమ్మా. వాడికేం తెలీదూ, ఇప్పుడు పిలవకూడదని? ష్ అన్నాను. తల కూడా తిప్పలేదు. మళ్లీ లాగాడు. చలేస్తోంది కాబోలనుకున్నా. నా జాకెట్టు విప్పి, చూడకుండానే వాడి మీద కప్పాను. ఆ తర్వాత ఇంక లాగలేదు. వాడు ఆటలో ఉన్నాడనుకున్నా.” జాకెట్టు కేసి చూశాడు. “లేచి చప్పట్లు కొట్టింది నేను. వాడు లేవలేదు.”

ఆ రోజు నేనుంటే నేనూ “ష్” అనేదాన్ని. ఇందాక అన్నాను కూడా.

డెల్లా జాకెట్టు అంచు వేళ్లతో తడుముకుంది. “దీని జేబులో పుదీనా బిళ్లలున్నాయి. నాన్నకి పుదీనా అంటే పడదు. ఎందుకున్నాయా అని ఆలోచించాను. రోజూ దీని వాసన చూసుకుంటూ పడుకున్నానంకుల్. నాన్న వాసన అనుకున్నాను.”

మెర్వ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లినా తప్పుపట్టేదాన్ని కాదు. లేచింది కూడా. జాకెట్టు బటన్లు విప్పబోయి, మళ్లీ ఏమనుకుందో పెట్టేసుకుని కూర్చుంది.

“మాట్లాడండి,” అంది.

“ఏం మాట్లాడను తల్లీ?”

“నాన్నతో ఏం మాట్లాడేవారో అదే. ఆట అయ్యేదాకా ఆపద్దు.”

మెర్వ్ మొదలుపెట్టాడు. షార్ట్‌స్టాప్ మోచెయ్యి ఎత్తుగా పట్టుకుంటున్నాడన్నాడు. బెనవిదెస్‌ని పై లీగువాళ్లు మే లోగా పిలుస్తారన్నాడు. ఆ గడియారాన్ని తిట్టాడు. వరస వరసంతా అసహ్యంగా చూస్తున్నా, ముక్కు తుడుచుకుంటూ, వణుకుతూ, చెప్పిందే చెప్పాడు. డెల్లా మైదానం వైపే చూస్తూ ఉంది. ఒక్కసారి కూడా జవాబివ్వలేదు. అతని గొంతు ఆగినప్పుడల్లా మాత్రం, తల తిప్పకుండానే, అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది.