పెళ్లివిందుకు నిప్పు కాచాను

నేను ఒక చిన్న ఇనుప పెట్టెను. బొగ్గుల పొయ్యిలో మాంసం నిదానంగా కాలుతున్నంతసేపూ వేడికి కాపలా కాయడం నా పని. పొయ్యి లోపలికి పెట్టిన తీగతో వేడి ఎంతుందో కనిపెట్టి, నా మొహం మీద అంకె వేసి చూపిస్తాను. తగ్గితే ఫ్యాను తిప్పి గాలి ఊదుతాను, చాలితే ఆపేస్తాను. ఆ గాలి వెళ్లే గొట్టానికి డ్యాంపర్ అని ఒక రేకు తలుపుంది. దాన్ని ఎంత తెరవాలో, ఫ్యాను ఎంత జోరుగా తిరగాలో మనుషులే చెప్పాలి. వాళ్లు తప్పు చెప్పి నన్ను తిడతారు. నేను పడను.

నన్ను హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో బిగించారు. విశాఖపట్నంలో ఒక హోటలువాళ్లు కొన్నారు. అక్కడి వంట మాస్టరుకు అన్నిటికీ ఒకటే మందు: ఫ్యాను ఫుల్లు, తలుపు బార్లా. కోళ్లు మాడిపోతే మిషనుకు పిచ్చెక్కిందని నన్ను స్టోర్‌రూములో పడేశాడు. పాత సామాన్లు తీసేసిన రోజున, అక్కడే వంట చేసే సలోమి యజమానిని అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుంది.

సలోమిది భీమిలి. నలభై దాటిన మనిషి. భర్త పోయిన చాలా ఏళ్లకు, పడవల ఇంజన్లు బాగుచేసే మోషేను పెళ్లాడతానంది. ఆమె అన్న యాకోబు చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ వంట కాంట్రాక్టరు.

"ఈ వయసులో పెళ్లేటే? నాను వండను. నన్ను కాదని ఇంకెవుడూ వండడు," అన్నాడు.

అన్నట్టే ఊళ్లో వంటవాళ్లంతా ఏవో సాకులు చెప్పి తప్పుకున్నారు.

"అయితే నా పెళ్లికి నానే వండుకుంటాను," అంది సలోమి.

మోషే పాత డ్రమ్ము కోసి పొయ్యి చేసిచ్చాడు. ముందుగా ఒక మేక తొడ పెట్టి చూశారు. సలోమి హోటల్లో చూసినట్టే ఫ్యాను ఫుల్లు పెట్టి, తలుపు బార్లా తెరిచింది. నూట ఇరవై డిగ్రీల దగ్గర నిలవాల్సిన వేడి రెండు వందలు దాటింది. ఫ్యాను నేనెప్పుడో ఆపేశాను. తెరిచిన తలుపులోంచి సముద్రపు గాలి తోసుకొస్తుంటే నేనేం చేయను? తొడ పైన బొగ్గయింది, లోపల పచ్చిగా ఉండిపోయింది.

చూడ్డానికొచ్చిన యాకోబు నవ్వాడు. "నీ పెళ్లికి మిషను కూడా ఒప్పుకోలేదు, చూడు."

"పోనీ, పట్నంనించి బిర్యానీ తెప్పించేద్దాం," అన్నాడు మోషే మెల్లగా.

సలోమి పొయ్యి ముందు కూర్చుంది. ఫ్యాను ఆగి ఉన్నా అంకె పెరుగుతూనే ఉండడం చూసింది. గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టింది. అంకె నిలిచింది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నువ్వు ఊదట్లేదే. గాలే దూరిపోతంది," అంది నాతో.

నా పక్షాన ఒక మనిషి మాట్లాడడం అదే మొదలు.

మర్నాడు తలుపును వేలు పట్టేంత సందుంచి మూసింది. ఫ్యాను సగం జోరు మించకుండా కట్టడి చేసింది. వేడి నెమ్మదిగా ఎక్కింది గాని, ఇంకా కాస్త దాటింది. సందు తగ్గించింది. మరీ తగ్గిస్తే బొగ్గులు నీరసించాయి. మళ్లీ వెంట్రుకవాసి తెరిచింది. సాయంత్రానికి పెళ్లికూతురి మొహమంతా మసి, నా అంకె మాత్రం నూట ఇరవై.

పెళ్లిరోజు పొద్దున్నే మాంసం పెట్టి, పొయ్యిని నాకొదిలేసి చర్చికి వెళ్లింది. కాసేపటికి గాలి లేచింది. పందిరి గుడ్డలు పటపటలాడాయి. నేను ఆపాల్సినప్పుడు ఆపాను, ఊదాల్సినప్పుడు ఊదాను. ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే అయిందేమో, అంతకు మించి పోనివ్వలేదు.

తెల్లచీర చెంగు దోపుకుని సలోమి వచ్చేసరికి పందిరి నిండా జనం. రాడనుకున్న యాకోబూ వచ్చాడు. తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచాడు.

"ఈ నిప్పు చాల్దు," అంటూ డ్యాంపర్ తెరవడానికి చెయ్యి చాపాడు.

సలోమి అతని మణికట్టు పట్టుకుంది. "చెయ్యి తియ్ అన్నయ్యా. ఇది నా పెళ్లి, నా పొయ్యి."

యాకోబు చెల్లెలి మొహంలోకి చూశాడు. చెయ్యి తీశాడు.

"ప్లేట్లెక్కడున్నాయి?" అన్నాడు.

వడ్డిస్తాడనుకున్నారంతా. తనకొకటి తీసుకుని వరసలో చివర నిలబడ్డాడు. సలోమి వేసిన ముక్క ఎముకనుంచి దానంతట అదే విడిపోయింది. తిన్నాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఇప్పుడు ఉప్పుగాలికి నా అంచులు తుప్పుపట్టాయి. ఫ్యాను మోషే మార్చాడు. ఇంకా ఈ పాత పెట్టె ఎందుకు, కొత్తది కొనుక్కోమని సలోమికి చెప్పేవాళ్లున్నారు. వాళ్లతో నాకు వాదన లేదు. నూట ఇరవై దగ్గర ఉన్నాను, వచ్చి చూసుకోమనండి.