పన్నెండో ఫారం

మధ్యాహ్నం దాటేసరికి పెద్దమ్మ మోకాళ్ళు మొరాయించాయి. పొద్దున్నించీ నిలబడే అచ్చుకాగితాలు మడతలు వేస్తోంది. బైండింగు షెడ్డులో ఆడవాళ్ళు కూర్చునే మూడు స్టూళ్ళూ నిన్న సాయంత్రమే సామాన్ల గదిలోకి వెళ్ళిపోయాయి. తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంది.

తప్పంతా ఒక నవలది. ఉద్యోగం చేసే ఆడదాని కథ. ఊరంతా ఎగబడి చదువుతున్నారని పదోసారి అచ్చు వేస్తున్నారు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చవుతాయి. దాన్నే ఫారం అంటారు. ఈ షెడ్డులోని ముగ్గురాడవాళ్ళకీ తలా ఒకటి వచ్చింది, మిగతావి పక్క షెడ్డుకు వెళ్ళాయి. ఆ ఒక్క కాగితాన్నే వేలకు వేలు మడిచి మడిచి, ఎవరి పదహారు పేజీలు వాళ్ళకు కంఠతా వచ్చేశాయి. మిగిలిన కథను భోజనాల వేళ కూడబలుక్కుని ఊహించుకోవడమే. నిన్న ఆ ఊహల మీద వాదన గంట కొట్టాక కూడా ఐదు నిమిషాలు సాగింది. దానికే ఈ స్టూళ్ళ శిక్ష.

“నవల్లో ఆవిడకి భయమన్నదే లేదు. ఆఫీసరు మొహం మీదే కాగితాలు విసిరికొట్టింది,” అంది కళ్ళజోడావిడ గొంతు తగ్గించి. ఆమెది తొమ్మిదో ఫారం.

“చాల్లే వదినా! నా దాంట్లో ఎవరేమన్నా తలూపడమే. అలాంటిది విసిరికొడుతుందా?” అంది చిన్నది. ఆమెది నాలుగు.

“నా ఏడో దాంట్లో పదహారు పేజీలూ ఏడుపే,” అంది పెద్దమ్మ, మడత మీద చెక్కబద్ద నడుపుతూ. “ఇంత ఏడ్చాకే విసిరికొట్టి ఉంటుంది. ఊరికే రాదమ్మా అంత కోపం.”

ముగ్గురూ నవ్వు ఆపుకున్నారు. చివరికి ఆవిడ ఉద్యోగం నిలిచిందో ఊడిందో ఎవరికీ తెలియదు. అది తేలే ఆఖరి ఫారం, పన్నెండోది, ఈవేళ ఈ షెడ్డుకే రావాలి.

మేస్త్రీ వచ్చాడు.

“ఏమ్మా, బల్ల మీద వాలిపోతున్నావు?”

“మోకాళ్ళు వాచిపోయాయయ్యా. నాకొక్కదానికైనా స్టూలు ఇప్పించు. చేతులు ఆగట్లేదు కదా.”

“కూర్చోబెడితే కథలు చెప్పుకుంటున్నారు. నిలబడలేకపోతే ఇంటికెళ్ళు. నీ చోటు కోసం పడిగాపులు పడేవాళ్ళు చాలామంది ఉన్నారు.”

పందొమ్మిదేళ్ళు ఆ బల్ల దగ్గరే గడిపిన మనిషితో అన్న మాట అది. ఆమె ఇంటికెళితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

అంతలో అచ్చుగది నుంచి పన్నెండో ఫారం కట్టలు వచ్చాయి. మోకాలెత్తున రెండు దొంతరలుగా దించి వెళ్ళారు. ఒకటి పెద్దమ్మ పక్కనే ఉంది.

“పెద్దమ్మా, ఒక్కసారి చూసి చెప్పు, ఆవిడ సంగతి ఏమైందో,” అంది చిన్నది ఆత్రంగా, మేస్త్రీకి వినపడకుండా.

పెద్దమ్మ చూడలేదు. తన ఏడో ఫారం బొత్తిని బల్ల అంచుకు లాక్కుని, ఆ దొంతర మీద కూర్చుంది.

“లే! సరుకు మీద కూర్చుంటావా?” అరిచాడు మేస్త్రీ.

“లేవను.”

పెద్దమ్మ ఇంకో కాగితం తీసి మడిచింది.

మేస్త్రీ మిగతా ఇద్దరి వైపు తిరిగాడు. “ఆవిడని లెమ్మనండి. ఆ కట్టలు సాయంత్రానికల్లా మడతలైపోవాలి.”

చిన్నది దొంతర వంక చూసింది, పెద్దమ్మ వాచిన కాళ్ళ వంక చూసింది.

“ఉండనివ్వండి మేస్త్రీ గారూ. కథ చివర ఏమైందో మాకిప్పుడే తెలియక్కర్లేదు.”

కళ్ళజోడావిడ రెండో దొంతర దగ్గరికి నడిచి, తను కూర్చునే మేర దాని పైకాగితం చేత్తో సాపు చేసింది.