నీడకి వచ్చిన పిలుపు

అమెరికాలోని పిస్కాటవే ఊళ్లో సెకండ్‌హ్యాండ్ కార్ల షాపు తెరిచేది నిశాంత్. పొద్దున్నే వచ్చి అద్దాల మీద మంచు గీకి, స్టిక్కర్లు సరిచేసి, కాఫీ పెట్టేవాడు. ఈలోగా అతని నీడ పార్కింగ్ లాట్‌లోకి సాగి బేస్‌బాల్ విసురుతూ ఉండేది. కస్టమర్లు దాన్ని తొక్కకుండా పక్కనించి నడిచేవారు.

హెరన్స్ జట్టుకి ఆడినవాళ్లందరి నీడలూ అంతే. మనుషులు ఆట మానేసినా అవి మానవు. అది చిన్న లీగ్ జట్టు. పెద్ద లీగ్‌కి ఎదిగినవాళ్లు తక్కువ, మిగతావాళ్లు దొరికిన పని చేసుకున్నారు. కర్టిస్ స్కూల్ బస్ నడుపుతాడు. అతని నీడ సీట్ల మధ్య పరుగెత్తుతుంటే పిల్లలు కాళ్లు ముడుచుకుంటారు. మతేయో ఇళ్లకి కప్పులు వేస్తాడు. అతని నీడ క్యాచ్ కోసం చూరు మీంచి దూకుతుంటుంది, ఇంటివాళ్లు తలెత్తి కూడా చూడరు.

నిశాంత్ జట్టులో బంతి విసిరే పిచ్చర్. ఇరవై నాలుగేళ్లకే భుజంలో కండరం తెగింది. ఆపరేషన్లయ్యాక కూడా చెయ్యి పైకి లేవలేదు. నీడకి మాత్రం ఏమీ కాలేదు.

మార్చిలో ఒక ముసలాయన వ్యాన్ కొనడానికొచ్చాడు. వ్యాన్ సంగతి మరిచిపోయి నేలకేసే చూస్తూ నిలబడ్డాడు. ఆయన పెద్ద లీగ్ జట్టుకి ఆటగాళ్లని వెతికిపెట్టే మనిషి.

"ఇలాంటి విసురు చూసి చాలా ఏళ్లయింది. మావాళ్లు తప్పకుండా కాంట్రాక్ట్ మీద సైన్ చేయించుకుంటారు."

నిశాంత్ ఒక అడుగు ముందుకేశాడు. "మళ్లీ థెరపీకి వెళ్తాను సార్. కొంచెం టైమ్ ఇస్తే..."

"నువ్వు కాదు బాబూ," అన్నాడాయన మొహమాటంగా, నేల చూపిస్తూ.

రాత్రి భోజనాల దగ్గర భార్య దేదీప్య వడ్డిస్తూ ఆగిపోయింది. "కుదరదని చెప్పెయ్. అది నీది."

తండ్రి ఆంజనేయప్రసాద్ ఫార్మా కంపెనీలో సైంటిస్ట్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకు మెడిసిన్ వద్దని బంతి పట్టుకున్నాక ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. ఇప్పుడు పెరుగు కలుపుకుంటూ అన్నాడు, "పోనివ్వరా. దానికైనా ఒక కెరీర్ ఉంటుంది."

"ఒక్కసారి వచ్చి చూసుంటే నాన్నా..." అని మొదలుపెట్టి, నిశాంత్ నీళ్లు తాగి లేచిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ముసలాయన మళ్లీ వచ్చి ఆ వ్యాన్ కొన్నాడు. నీడ పొట్టిగా పాదాల దగ్గరే ఉండి బంతి విసురుతోంది.

"వెళ్తావా?" అడిగాడు నిశాంత్. ఉంటానంటుందేమోనని ఆశ.

నీడ విసరడం ఆపింది. అతని బూట్ల నుంచి మెల్లగా ఊడి వ్యాన్ ఎక్కింది. వెనక్కి తిరగలేదు. ఆ సాయంత్రం నిశాంత్ ఒక కారు అమ్మాడు. కొన్నవాళ్లు కిందికి చూడకుండానే నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లారు.

వేసవికల్లా నీడ పేరు మోగిపోయింది. జెర్సీ వీపు మీద నిశాంత్ వాళ్ల ఇంటిపేరే ఉండేది. ఆంజనేయప్రసాద్ ఆ జట్టు టోపీ కొన్నాడు, గుడికి కూడా అదే పెట్టుకెళ్లాడు. మ్యాచ్ ఉన్న రోజు పక్కింటి రంగయ్యగారూ రాధారాణి ఆంటీ బజ్జీలతో దిగేవారు. "మా రక్తమే కదండీ," అనేవాడు ఆంజనేయప్రసాద్, కళ్లు తుడుచుకుంటూ.

ఒక ఆదివారం నిశాంత్ పని నుంచి వచ్చేసరికి హాలు నిండా జనం. టీవీలో నీడ చెయ్యి ఎత్తింది, తల మీదిదాకా, తేలిగ్గా. అతను చూస్తూ అలాగే టీవీ ముందు నిలబడిపోయాడు.

"కాస్త పక్కకి జరగరా," అన్నాడు తండ్రి మెడ సాచి. "వాడు కనపడటం లేదు."

నిశాంత్ జరిగాడు.